ఆకు మీద కనపడని పేనుబంక వైరస్ ఎలా తెచ్చింది?

ప్రశ్న: అన్నా, మాది రైల్వే కోడూరు పక్కన ఒక పల్లె. డిగ్రీ అయ్యాక నాన్నతో కలిసి వ్యవసాయం చూసుకుంటున్నాను. రెండెకరాల్లో తైవాన్ రెడ్ లేడీ బొప్పాయి పెట్టాం, ఇప్పుడు ఆరో నెల. నెల రోజులుగా పై ఆకుల్లో పసుపు, ఆకుపచ్చ కలగలిసి మచ్చలుగా ఉంటున్నాయి, కొన్ని చెట్లకు ఆకు సన్నగా తీగల్లా చీలి వస్తోంది. పిందెల మీద గుండ్రటి వలయాలు. పావు వంతు చెట్లకు పైగా ఇలాగే ఉంది. మందుల షాపులో అడిగితే పేనుబంకతో వచ్చే వైరస్ అన్నారు. ఇమిడాక్లోప్రిడ్ ఒకసారి, వేరే మందులు రెండుసార్లు కొట్టాం, ఆగలేదు. నాకు అర్థం కానిది ఒకటే, ఎన్ని ఆకులు తిప్పి చూసినా ఒక్క పేనుబంక కూడా కనపడదు. లేని పురుగు వైరస్ ఎలా తెస్తుంది? పక్క తోటాయన ఇది వైరస్ కాదు వైరాయిడ్, కత్తితో పాకుతుంది అంటాడు. ఇంకొకాయన నేలలోంచి వచ్చిందంటాడు. చెట్లు పీకేద్దామంటే నాన్న ఒప్పుకోవడం లేదు. పక్కనే చిన్నాన్న వాళ్ల గుమ్మడి, అవతల మా చీనీ (బత్తాయి) తోట ఉన్నాయి, వాటికీ పాకుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది, కాస్త వివరంగా చెప్పు.

సమాధానం: తమ్ముడూ, ఆకులు తిప్పి చూశావు చూడు, అది చాలా మంచి పని. చాలామంది ఆ పని చేయకుండానే మందు కొట్టేస్తారు. నువ్వు చూసింది నిజమే, బొప్పాయి మీద పేనుబంక మామూలుగా కాపురం పెట్టదు, పిల్లలు పెట్టదు, గుంపుగా కనపడదు. అయినా మీ తోటకు ఆ వైరస్‌ను తెచ్చింది పేనుబంకే. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే మీ డబ్బు ఎక్కడ వృథా అయిందో, ఇక మీదట ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోతుంది.

నువ్వు రాసిన లక్షణాలను బట్టి ఇది రింగ్ స్పాట్ వైరస్ అనే అనుకుంటున్నాను. మన దగ్గర పేనుబంక అనగానే అలసంద, అనప కాయల మీద నల్లగా గుత్తులు కట్టిన పురుగో, పత్తి ఆకుల కింద పచ్చగా అంటుకుని కూర్చున్న పురుగో గుర్తొస్తుంది. అవి రెక్కల్లేనివి, ఉన్నచోటే ఉండి రసం పీల్చుకుంటాయి. మగపురుగుతో పని లేకుండా తల్లి నేరుగా పిల్లల్ని కంటుంది, ఆ పిల్ల వారం పది రోజుల్లో మళ్లీ తల్లవుతుంది. అలా గుంపు పెరిగి కిక్కిరిసిపోయినప్పుడు, లేదా పైరు ముదిరి ఎండుముఖం పట్టినప్పుడు పుట్టే పిల్లల్లో కొన్నిటికి రెక్కలు వస్తాయి. వైరస్‌ను తోట నుంచి తోటకు మోసేది ఈ రెక్కల పేనుబంకే. చుట్టూ ఉన్న అలసంద, వేరుశనగ, పత్తి, వంగ, మిరప, వీటిలో ఏది ఖాళీ అవుతున్నా అక్కడి నుంచి లేచి గాలివాటుగా కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. గాలిలో ఉన్న పేనుబంకకు కింద ఉన్నది అలసందో బొప్పాయో తెలియదు. పచ్చగా, పసుపుగా కనపడితే దిగుతుంది. దిగాక అది తన మొక్క అవునో కాదో తెలుసుకోవడానికి దానికి ఉన్న దారి ఒకటే, సూది లాంటి మూతిని ఆకు పైపొరలోకి దించి కొద్దిగా రుచి చూడటం. కాదని తెలిస్తే లేచి పక్క చెట్టు మీద వాలుతుంది, అక్కడా అదే పని. సంతలో ద్రాక్ష బండి దగ్గర ఒక్కో గుత్తిలో ఒక్కో పండు నోట్లో వేసుకుని చూసి, కొనకుండా ఇంకో బండి దగ్గరికి పోయే మనిషి ఎలాగో ఇదీ అలాగే. రుచి చూడటం కొన్ని సెకన్ల పని, మహా అయితే ఒకటి రెండు నిమిషాలు. రోగం ఉన్న బొప్పాయిని రుచి చూసినప్పుడు ఆ కొద్ది సెకన్లలోనే వైరస్ దాని మూతి కొసకు అంటుకుంటుంది, పక్క చెట్టును రుచి చూసినప్పుడు అక్కడ దిగిపోతుంది. నువ్వు పొద్దున వెళ్లి ఆకు తిప్పేసరికి ఆ పురుగు ఎప్పుడో నాలుగు పొలాల అవతలికి పోయి ఉంటుంది. నీకు కనపడకపోవడంలో వింతేమీ లేదు.

అంటుకోవడం కూడా ఏదో పొరపాటున జరిగేది కాదు. ఈ వైరస్ తనకు కావలసిన ఒక సహాయక ప్రోటీన్‌ను మొక్కలోనే తయారు చేయించుకుంటుంది. ఆ ప్రోటీన్ ఒక పక్క వైరస్ పై తొడుగును, ఇంకో పక్క పేనుబంక మూతి లోపలి గోడను పట్టుకుంటుంది. అది లేకపోతే పురుగు ఎంత రసం పీల్చినా వైరస్ మూతిలో నిలవదు. ఇలా అంటుకున్న వైరస్ ఎక్కువసేపు ఉండదు, నాలుగైదు చోట్ల మూతి దించేసరికి దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది, ఎక్కడా దించకపోయినా కొన్ని గంటల్లో పోతుంది. ఇది పాత పరిశోధనే. 1930ల్లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మారియన్ వాట్సన్ అనే శాస్త్రవేత్త ఇలాంటి వైరస్‌ల మీద పనిచేస్తూ, కాసేపు పస్తు పెట్టిన పేనుబంకను రోగపు ఆకు మీద కొద్దిసేపు వదిలితే వైరస్ బాగా మోస్తుందని, అదే గంటల తరబడి ఆకు మీద ఉంచితే మోయడం తగ్గుతుందని చూపించారు. అంటే స్థిమితంగా కూర్చుని తినే పురుగు కన్నా ఆకలితో ఊరికే వాలి లేచే పురుగుతోనే ఈ రకం వైరస్‌లు ఎక్కువగా పాకుతాయి.

ఇప్పుడు మీ మూడు పిచికారీల సంగతి చూడు. ఇమిడాక్లోప్రిడ్ మొక్కలోకి ఇంకి, రసం పీల్చిన పురుగును చంపుతుంది, ఆ మాట నిజం. కానీ చచ్చేలోపు దానికి కావలసిన సమయం దొరుకుతుంది. వైరస్ దించడానికి దానికి నిమిషం చాలు, మందుకు అది చావడానికి అంతకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. పైగా వైరస్‌తో వచ్చేవి బయటి పొలాల నుంచి రోజూ కొత్తగా వాలుతుంటాయి, మీ రెండెకరాల్లో ఈరోజు వాలిన వాటిని చంపినా రేపటివి రేపు వస్తాయి. కొన్ని మందుల వాసనకు, తాకిడికి పురుగు చికాకుపడి ఒకచోట నిలవక మరిన్ని మొక్కల మీద వాలుతుంది, అప్పుడు రోగం ఇంకా పాకుతుంది. ఇంకో నష్టం, పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా ఆ మందుతో పోతాయి. షాపాయన పేనుబంక అని సరిగ్గానే చెప్పాడు, కానీ పురుగును చంపితే రోగం ఆగుతుందన్న లెక్క ఈ రోగానికి పనిచేయదు. నాలుగోసారి కొట్టొద్దు. 'వైరస్ మందు' అని సీసాల్లో అమ్మేవి కూడా కొనొద్దు, మొక్కలోకి వెళ్లిన వైరస్‌ను తీసేసే మందు ఏదీ లేదు.

మందు పనిచేసే రోగం కూడా ఉంది. మీ కోడూరు వాళ్లకు అరటి కొత్త కాదు కాబట్టి వెర్రితల తెగులు నువ్వు చూసే ఉంటావు, ఆకులు పొట్టిగా, నిటారుగా, గుత్తిలా నెత్తి మీద కిక్కిరిసి వస్తాయి. దాన్నీ పేనుబంకే తెస్తుంది, కానీ అది అరటి మీదే కాపురం ఉండే నల్లటి రకం, ఆకు తొడిమల సందుల్లో, మువ్వ మొదట్లో దాక్కుని ఉంటుంది. ఆ వైరస్ పురుగు మూతి కొసన అంటుకునేది కాదు. గంటల తరబడి రసం పీల్చాక కడుపులోకి పోయి, అక్కడి నుంచి రక్తంలోకి, మళ్లీ లాలాజలంలోకి చేరి, ఆ పురుగు బతికినన్నాళ్లూ దానిలోనే ఉంటుంది. ఎక్కించుకోవడానికీ గంటలు, దించడానికీ చాలాసేపు పడుతుంది కాబట్టి ఆ లోపు పురుగును చంపడం కుదురుతుంది. అందుకే వెర్రితల వచ్చిన అరటిని తీసేటప్పుడు ముందు మందు కొట్టి పేనుబంకను చంపి, ఆ తర్వాతే దుంపతో సహా పీకాలంటారు, లేకపోతే పీకే కుదుపుకు పురుగులన్నీ పక్క చెట్లెక్కుతాయి. ఆస్ట్రేలియాలో 1920ల్లో ఈ తెగులుతో అరటి సాగు కుప్పకూలిపోతే, మాగీ అనే శాస్త్రవేత్త పేనుబంక పాత్ర తేల్చాక, రోగపు చెట్టు కనపడితే తీసేయాల్సిందేనని, పిలకలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో కూడా చట్టంగా పెట్టి మళ్లీ నిలబెట్టుకున్నారు. అరటిలో పనిచేసిన పద్ధతిని చూసి బొప్పాయికీ అదే మందు కొట్టడం వల్లే మన రైతులు ఎక్కువగా నష్టపోతున్నారని నా అభిప్రాయం. పేరు ఒకటే పేనుబంక అయినా, వైరస్‌ను మోసే తీరు రెండింటిలో పూర్తిగా వేరు.

సరే, ఇది కచ్చితంగా రింగ్ స్పాటేనా అనేది ఒకసారి చూసుకో. ఆకు కాడల మీద, కాండం పై భాగంలో ముదురు ఆకుపచ్చ రంగులో నూనె పూసినట్టు గీతలు, చుక్కలు ఉన్నాయా చూడు, ఉంటే దాదాపు అదే. కాయ మీద వలయాలు కూడా నూనె మరకల్లా మొదలవుతాయి. ఆకులు కిందికి ముడుచుకుపోయి, తోలులా గట్టిగా, ఈనెలు ఉబ్బి ఉంటే అది ఆకు ముడత, దాన్ని మోసేది తెల్లదోమ, దాని లెక్క వేరు. పక్క పొలంలో 2,4-డి కలుపు మందు కొట్టినప్పుడు గాలికి తగిలినా బొప్పాయి ఆకు ఇలాగే తీగల్లా సన్నబడుతుంది. అప్పుడు కాడల మీద నూనె గీతలు ఉండవు, కాయల మీద వలయాలు రావు, గాలి వచ్చిన పక్క వరసల్లోనే ఎక్కువగా ఉంటుంది, కొన్నాళ్లకు కొత్త ఆకు మామూలుగా వస్తుంది. కాయలు గుబ్బలు గుబ్బలుగా, వంకరగా ఉండి వలయాలు లేకపోతే బోరాన్ లోపం కూడా కావచ్చు. నువ్వు వలయాలు ఉన్నాయన్నావు కాబట్టి నాకు పెద్దగా అనుమానం లేదు, అయినా ఈ మాట చూపు మీద చెప్తున్నదే. మీకు పక్కనే అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అక్కడికి ఒక ఆకు తీసుకుపోయి చూపించడం మంచిది.

నేల సంగతి తేలిక. ఈ వైరస్ నేలలో బతకదు, కాలువ నీళ్లలో పారి రాదు. బొప్పాయి విత్తనం ద్వారా వస్తుందని కూడా భయపడక్కర్లేదు. కానీ నారులోనే వైరస్ ఎక్కి రావడం మాత్రం జరుగుతుంది. నర్సరీ రోగపు తోటల మధ్య, వల లేకుండా ఉంటే మొక్క సంచిలో ఉండగానే పేనుబంక వచ్చి రుచి చూసి పోతుంది. లక్షణాలు బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి కొనేటప్పుడు మొక్క చక్కగానే కనపడుతుంది. మీరు నారు ఎక్కడ తెచ్చారో, అక్కడ వల ఉందో లేదో గుర్తు చేసుకో. ఆ రెండు మూడు వారాల లెక్క ఇంకో విషయమూ చెప్తుంది. ఈరోజు నీకు పది చెట్లు కొత్తగా పసుపెక్కి కనపడ్డాయంటే అవి రెండు మూడు వారాల కింద అంటుకున్నవి, ఈలోపు అంటుకుని ఇంకా బయటపడనివి ఎన్నో ఉంటాయి.

ఇక వైరాయిడ్. మీ పక్క తోటాయన మాట బొప్పాయికి సరిపోదు గానీ ఊరికే పుట్టిన మాట మాత్రం కాదు, ఆయన ఎక్కడో చీనీ గురించి విన్నది ఇక్కడికి తెచ్చి ఉంటాడు. వైరాయిడ్ అంటే వైరస్ కన్నా చాలా చిన్నది. ఇలాంటి వైరస్‌కు లోపల ఆర్ఎన్ఏ (దాని జన్యు సమాచారం అక్షరాల వరసలా ఉండే పోగు), పైన ప్రోటీన్ తొడుగు ఉంటాయి. వైరాయిడ్‌కు ఆ తొడుగే ఉండదు, చుట్టలా ఉన్న ఒట్టి ఆర్ఎన్ఏ ముక్క అంతే, అది ఏ ప్రోటీన్‌నూ తయారు చేయించదు. 1971లో అమెరికాలో థియోడర్ డైనర్ అనే శాస్త్రవేత్త బంగాళాదుంపలు కదురులా సన్నగా, పొడుగ్గా మారిపోయే రోగానికి కారణం వెతుకుతూ దీన్ని తేల్చారు. ఆ వైరాయిడ్ పొడవు 359 అక్షరాలు, మీ బొప్పాయి వైరస్‌ది పది వేలకు పైన. ఇంత చిన్నది చెట్టును కుంగదీస్తుందంటే మొదట్లో చాలామంది శాస్త్రవేత్తలే నమ్మలేదు.

ఇప్పుడు నేను పైన చెప్పిన సహాయక ప్రోటీన్ గుర్తు తెచ్చుకో. అది పట్టుకునేది వైరస్ తొడుగును. వైరాయిడ్‌కు తొడుగే లేదు, సహాయక ప్రోటీనూ లేదు, అందుకే పేనుబంక మూతికి అంటుకుని పోవడం దానికి మామూలుగా చేతకాదు. అది పాకేది కత్తితో, కత్తెరతో, అంటు పుల్లలతో, రోగపు మొక్కను తాకిన చేతులతో, కొన్ని పంటల్లో విత్తనంతో. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, నాకు ఈ విషయమంతటిలో అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది అదే. బంగాళాదుంపలో ఆకు చుట్ట వైరస్ అని ఒకటి ఉంది, అది అరటి వెర్రితల వైరస్ లాగే పేనుబంక ఒంట్లో తిరిగే రకం. ఒకే మొక్కలో ఆ వైరస్, ఈ వైరాయిడ్ రెండూ ఉన్నప్పుడు, వైరస్ తన తొడుగులు కట్టుకునేటప్పుడు కొన్నిటిలో వైరాయిడ్ కూడా ఇమిడిపోతుంది. బయటికి వైరస్ వేషం, లోపల వైరాయిడ్. పేనుబంకకు తేడా తెలియదు, మోసుకుపోతుంది. పెరూలోని లిమాలో ఉన్న అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం శాస్త్రవేత్తలు 1990ల్లో దీన్ని చూపించారు. మెక్సికోలో టమాటాను పాడుచేసే ఒక వైరాయిడ్‌ను కూడా పేనుబంక మోస్తుందని నమోదైంది. అంటే పేనుబంక వైరాయిడ్‌ను మోయదు అనడం తప్పు, మోయడానికి ప్రత్యేకమైన పరిస్థితి కావాలి అనడం సరైనది. ఆ పరిస్థితి బంగాళాదుంప విత్తనం పండించేవాళ్లకు చాలా పెద్ద సంగతి. మన దగ్గర జహీరాబాద్ వైపు బంగాళాదుంప వేసేవాళ్లు విత్తనం ఉత్తరాది నుంచి తెచ్చుకుంటారు. అక్కడ విత్తనపు పంటలో పేనుబంకను లెక్కపెడుతూ ఉండి, వంద ఆకులకు ఇరవై పురుగుల స్థాయికి చేరే సమయానికి పైమొక్కను కోసేసి, దుంపను మాత్రం నేలలో ఉంచి ముదరనిస్తారు. సిమ్లా కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1950ల చివర్లో రూపొందించిన పద్ధతి అది, మైదానాల్లో మంచి విత్తనం పండటానికి అదే ఆధారం. పురుగును చంపడం కన్నా పురుగు వచ్చేలోపు పంటను తప్పించడం మీద వాళ్లు నమ్మకం పెట్టుకున్నారు, అది ఫలించింది.

మీ చీనీకి వద్దాం. బొప్పాయి వైరస్ చీనీకి పాకదు, ఆ భయం వదిలెయ్. చీనీకి సొంత బాధలు రెండున్నాయి. ఒకటి ట్రిస్టెజా, ఇది వైరస్, లేత చిగుళ్ల మీద ఉండే నల్లటి పేనుబంక మోస్తుంది, రోగమున్న అంటు పుల్లతోనూ వస్తుంది. దాన్ని పురుగు సెకన్లలో ఎక్కించుకోలేదు, కాసేపు కూర్చుని పీల్చాలి, ఆ తర్వాత ఒక రోజు దాకా దించగలదు, అంటే బొప్పాయికి అరటికి మధ్య రకం. దక్షిణ అమెరికాలో 1930, 40ల్లో పుల్ల నారింజ వేరు మీద అంటు కట్టిన చెట్లు లక్షల్లో చచ్చిపోయాయి దీనితో. మన చీనీని రంగపూర్ నిమ్మ మీద అంటు కడతారు, ఆ వేరు ట్రిస్టెజాను తట్టుకుంటుంది. అయితే అదే రంగపూర్ నిమ్మ ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్‌కు తట్టుకోలేదు, చెట్టు మొదలు దగ్గర బెరడు పొలుసులుగా లేస్తుంది, చెట్టు గిడసబారిపోతుంది. పక్క తోటాయన చెప్పిన కత్తి ముచ్చట ఇక్కడ అక్షరాలా నిజం. కొమ్మలు కత్తిరించే కత్తెరను చెట్టు చెట్టుకూ బ్లీచింగ్ ద్రావణంలో ముంచి, ఆనక తుడిచి వాడండి. ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ చాలు, ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి పని అయ్యాక కడిగి నూనె రాయాలి. స్పిరిట్‌తో తుడిస్తే వైరాయిడ్ పోదు, నిప్పు మీద కాల్చినా నమ్మకం లేదు, ఇది చాలామందికి తెలియదు. కొత్త చీనీ మొక్కలు కొనేటప్పుడు మాత్రం తల్లిచెట్టును పరీక్ష చేయించిన నర్సరీ దగ్గరే కొనండి, తిరుపతి నిమ్మ పరిశోధన స్థానంలో అడిగితే దారి చెప్తారు.

చిన్నాన్న గుమ్మడి మాత్రం పట్టించుకోవాల్సిందే. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి, ఒకటి గుమ్మడి, దోస, బీర, పుచ్చ జాతికి మాత్రమే వచ్చేది, రెండోది బొప్పాయికీ ఈ తీగ జాతికీ రెండింటికీ వచ్చేది. మీ తోటలో ఉన్నది రెండోది కాబట్టి గుమ్మడికి పాకే అవకాశం ఉంది, గుమ్మడి నుంచి తిరిగి మీ మిగతా చెట్లకూ రావచ్చు. దానికి తోడు గుమ్మడి ఆకుల మీద పత్తి పేనుబంక కాపురం ఉంటుంది, అది ముదిరి తీగ ఎండేటప్పుడు రెక్కలొచ్చి మొదట వాలేది పక్కనున్న మీ బొప్పాయి మీదే. అయినా తప్పంతా గుమ్మడి మీద వేసి చిన్నాన్నతో గొడవ పడొద్దు. మన దగ్గర ఈ వైరస్‌కు పెద్ద నిలయం కాపు అయిపోయినా పీకకుండా వదిలేసిన పాత బొప్పాయి తోటలే. ధర లేదని కాయ కొయ్యడం మానేసి, ఇంకో నాలుగు నెలలు అలాగే నిలబెట్టిన తోట చుట్టుపక్కల ఎన్ని లేత తోటలకు రోగం పంచుతుందో చెప్పలేం. మీ ఊళ్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ఒకసారి బండి మీద తిరిగి చూడు.

ఇప్పుడు మీ నాన్న గారి మాట, పీకాలా వద్దా. ఇందులో నేను నాన్న పక్షమే ఉంటాను, సగం వరకు. నాటిన మొదటి రెండు నెలల్లో నూటికి ఐదారు చెట్లకు కనపడి ఉంటే వెంటనే పీకించేవాణ్ణి, అప్పుడు పీకితే మిగతావి నిలబడతాయి. పావు వంతు బయటపడిందంటే బయటపడనివి కూడా కలిపితే ఎంతో పెద్ద వాటా అంటుకుని ఉంటుంది, ఇప్పుడు ఆ పావు వంతు పీకినా రోగం ఆగదు, కాయ మాత్రం పోతుంది. ఆరో నెల కాబట్టి చాలా చెట్లకు పిందె పడి ఉంటుంది. కాయ పట్టిన చెట్లను ఉంచండి, ఎరువు, నీళ్లు తగ్గించొద్దు, జింకు, బోరాన్ ఇవ్వండి, వాటితో రోగం పోదు గానీ ఉన్న కాయ ఊరుతుంది. అసలు కాపే లేకుండా గిడసబారి, ఆకు తీగలైపోయిన చెట్లు మాత్రం తీసేయండి, వాటి వల్ల వచ్చేది ఏమీ లేదు, వైరస్‌ను పంచడం తప్ప. నరికి వదిలేస్తే మొదలు నుంచి మళ్లీ చిగురేస్తుంది, ఆ చిగురులోనూ వైరస్ ఉంటుంది, కాబట్టి వేళ్లతో సహా పెకలించాలి. వలయాలున్న కాయ తింటే మనిషికి ఏమీ కాదు, మొక్కల వైరస్ మనకు పట్టదు, తీపి తగ్గుతుంది, ధర తగ్గుతుంది అంతే. ఈ కాపులో ఎంత వస్తే అంత తీసుకుని, రెండో ఏడాదికి పొడిగించకుండా తోట మొత్తం ఒకేసారి తీసేయండి. నాన్నకు పీకడం ఇష్టం లేకపోవడానికి కారణం పెట్టుబడే అయి ఉంటుంది, కాయ పోకుండా తేదీ పెట్టుకుని తీసేద్దామంటే ఆయన వింటారనే అనుకుంటున్నాను.

వచ్చే పంట గురించి చెప్పేది ఎక్కువ ఉంది. రెడ్ లేడీ కొంత తట్టుకుంటుందని అమ్ముతారు, తట్టుకోవడం అంటే రాకపోవడం కాదు, రోగం వచ్చినా కాస్త కాపు ఇవ్వడం, అది కూడా ఆలస్యంగా వచ్చినప్పుడే. ఆ రకం పుట్టిన తైవాన్‌లోనే 1975లో ఈ వైరస్ కనపడ్డాక సాగు దెబ్బతిని, చివరికి చాలామంది రైతులు తోట మొత్తానికి వల కప్పి లోపల బొప్పాయి పండించడం మొదలుపెట్టారు. మనకు రెండెకరాలకు వల అంటే ఖర్చు భరించలేం, కానీ నారుకు వల కప్పడం ఖర్చు కాదు. ఇంటి దగ్గరే నలభై మెష్ (అంగుళానికి నలభై కన్నాలు) లేదా అంతకన్నా సన్నటి నైలాన్ వలలో నారు పెంచుకోండి, సంచి కాస్త పెద్దది తీసుకుని మామూలు కన్నా ఒకటి రెండు వారాలు ఎక్కువ లోపలే ఉంచండి. ఈ రోగంలో అన్నిటికన్నా విలువైనది ఆ కాలమే, మొక్క ఎంత ఆలస్యంగా అంటుకుంటే అంత కాయ మిగులుతుంది. పూతకు ముందే అంటుకుంటే దాదాపు ఏమీ మిగలదు, కాయ పట్టాక అంటుకుంటే నష్టం తక్కువ.

నాటడానికి నెల ముందే పొలం చుట్టూ మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో ఒత్తుగా వేయండి. గాలిలో వచ్చిన పేనుబంక అంచున ఎత్తుగా ఉన్న పైరు మీద ముందు వాలుతుంది, అక్కడ రెండు మూడు చోట్ల మూతి దించేసరికి మూతి కొసన ఉన్న వైరస్ అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. జొన్న మీద కూడా ఒక రకం పేనుబంక ఉంటుంది గానీ ఈ వైరస్ జొన్నలో బతకదు, కాబట్టి అక్కడి నుంచి రోగం రాదు. అలసంద, అనప మాత్రం గట్ల మీద కూడా వద్దు. అంతరపంటగా పుచ్చ, దోస వేసే అలవాటు మన వైపు ఎక్కువ, ఇంకొంచెం రాబడి వస్తుందని వేస్తారు, ఈ వైరస్ ఉన్న చోట అది చాలా ప్రమాదం, మానుకోండి. కంచెల మీద పాకిన దొండ, కాకర తీగల్నీ తీసేయాలి. వెండి రంగు మల్చింగ్ షీటు వేయగలిగితే వేయండి, ఆ మెరుపుకు పేనుబంక దిగడానికి జంకుతుంది, ఆకులు కమ్ముకుని షీటు కనపడకుండా పోయేదాకా పనిచేస్తుంది, మనకు కావలసింది కూడా ఆ మొదటి నెలలే. పసుపు జిగురు అట్టలతో పేనుబంక అంతా పట్టుబడుతుందని ఆశపడొద్దు, ఎప్పుడు ఎక్కువగా ఎగురుతోందో తెలుసుకోవడానికి మాత్రం ఎకరానికి నాలుగైదు పెట్టి వారం వారం చూడండి. మబ్బు పట్టి చల్లగా ఉండే రోజుల్లో అది బాగా పెరుగుతుంది, గట్టి వాన పడితే కొట్టుకుపోతుంది, కాబట్టి లేత మొక్క పొలంలో ఉండే కాలం చలికాలంలో పడకుండా నాటు తేదీ చూసుకోవాలి.

నాటిన రోజు నుంచి పూత దాకా వారానికి రెండుసార్లు ప్రతి వరసలో నడిచి లేత ఆకులు చూడాలి. ఆరడుగుల ఎడంతో ఎకరానికి 1,210 మొక్కలు, రెండెకరాలు చూడటం ఒక పూట పని. అనుమానం వచ్చిన మొక్కను ఆలోచించకుండా అదే రోజు పీకెయ్, ఒక మొక్క ఖర్చు ఎంతో నీకు తెలుసు. ఖనిజ నూనె పిచికారీతో వైరస్ మూతికి అంటుకోవడం తగ్గుతుంది, బంగాళాదుంప విత్తనం పండించేవాళ్లు వాడతారు. కానీ మన ఎండలకు బొప్పాయి లేత ఆకు మాడే ప్రమాదం ఉంది, పరిశోధన స్థానం వాళ్లు సరే అంటేనే, ముందు పది మొక్కల మీద కొట్టి చూశాకే చెయ్యి.

హవాయి బొప్పాయి గురించి కూడా ఎవరో ఒకరు నీకు చెప్తారు. అక్కడ పూనా అనే ప్రాంతంలో 1992లో ఈ వైరస్ ప్రవేశించి తోటలు ఊడ్చుకుపోతుంటే, డెనిస్ గోన్సాల్వెస్ బృందం వైరస్ తొడుగు జన్యువునే బొప్పాయిలో పెట్టి రోగం రాని మొక్కను తయారు చేసింది, 1998లో ఆ విత్తనం రైతులకు ఇచ్చారు, అక్కడి సాగు నిలబడింది. అది నిజంగా గొప్ప పని. కానీ మన దేశంలో జన్యుమార్పిడి బొప్పాయి సాగుకు అనుమతి లేదు, ఎవరైనా ఆ విత్తనం అని తెచ్చి అమ్మితే తీసుకోవద్దు.

మిగిలింది ఊరి సంగతి. గాలిలో వచ్చే పురుగుకు గట్లు లెక్కలేదు కాబట్టి నువ్వొక్కడివే ఇవన్నీ చేసి, పక్కన ముదురు తోట అలాగే నిలబడితే నీ కష్టంలో సగం పోతుంది. కనీసం మీ చుట్టుపక్కల నలుగురైదుగురు ఒకే నెలలో నాటి, పాత తోటలు ఆ నెలకు ముందే తీసేస్తామని మాట అనుకోండి. చిన్నాన్నతో మొదలుపెట్టు, గుమ్మడి ఈ కాయ అయిపోగానే తీగ ఎండే దాకా ఉంచకుండా దున్నేయమని అడుగు, బదులుగా మీ గిడసబారిన చెట్లు ముందు మీరే పీకేయండి, అప్పుడు అడగడానికీ బాగుంటుంది.

అనంతరాజుపేటకు పోయేటప్పుడు బాగా ముదిరిన ఆకు తీసుకుపోకు. మచ్చలు స్పష్టంగా ఉన్న లేత ఆకులు కాడతో సహా రెండు మూడు, బాగున్న చెట్టు ఆకు ఒకటి, వలయాలున్న కాయ ఒకటి, విడివిడిగా పేపర్లో చుట్టి కవర్లో పెట్టి పొద్దున్నే కోసి అదే రోజు ఇవ్వు. మూడు పిచికారీల్లో వాడిన మందుల పేర్లు, తేదీలు కాగితం మీద రాసి తీసుకుపో, నారు ఎక్కడ తెచ్చారో కూడా. వాళ్లేం చెప్పారో రాయి, రింగ్ స్పాట్ కాదని తేలితే పైన చెప్పిన వాటిలో చాలా వరకు మార్చుకోవాలి.